కుటుంబ పాయింట్లు కలిపితే ఒకరికి హయత్ హోదా

బరంపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాలు పెళ్లికో ఆసుపత్రి పనికో హైదరాబాదు వెళ్లి హయత్ హోటళ్లలో దిగినప్పుడు, వచ్చిన పాయింట్లు తలా కొంచెం వేర్వేరు ఖాతాల్లో పడి, ఏ ఒక్కరికీ ఉచిత గదికి చాలకుండా ఉండిపోతాయి. హయత్ హోటళ్ల సభ్యత్వ పథకమైన వరల్డ్ ఆఫ్ హయత్‌లో వీటిని ఒకరి ఖాతాలో చేర్చడానికి రుసుము లేదు.

ఇంట్లో ఎక్కువగా ప్రయాణించే వారిని, బావగారినో పెద్దబ్బాయినో, ఎంచుకొని మిగిలినవారు తమ పాయింట్లను వారికి బదిలీ చేయాలి. వారు ఆ పాయింట్లతో తమ పేరు మీదనే గది తీసుకొని బస చేస్తే, డబ్బు కట్టిన రాత్రిలాగే ఆ ఉచిత రాత్రి కూడా హోదా (ఎక్కువ రాత్రులు బస చేసిన సభ్యులకిచ్చే పై స్థాయి) లెక్కలో చేరుతుంది. క్యాలెండరు ఏడాదిలో 10 రాత్రులకు డిస్కవరిస్ట్, 30కి ఎక్స్‌ప్లోరిస్ట్, 60కి గ్లోబలిస్ట్ హోదా ఇస్తారు. మన ప్రయాణాలకు 60 అత్యాశే గాని, 10 అందేదే. బదిలీ 30 రోజులకు ఒకసారే కుదురుతుంది కనుక, మరో ముగ్గురి పాయింట్లు ఒకరికి చేర్చాలంటే రెండు నెలలకు పైగా ముందే మొదలుపెట్టాలి.

పెళ్లికి ఒకే సభ్యుడు తానూ ఒక గదిలో ఉంటూ మూడు గదులకు డబ్బు కడితే, పాయింట్లు మూడింటికీ వస్తాయి, రాత్రి లెక్క మాత్రం ఒక్క గదికే.

జాగ్రత్త ఒక్కటే: గదిని హయత్ సొంత సైటులోనో యాప్‌లోనో కాక ఇతర బుకింగ్ సైట్లలో తీసుకుంటే సాధారణంగా పాయింట్లూ రావు, రాత్రులూ లెక్కకు రావు.