ఎండలు ముదిరేలోపు: ఏఆర్‌టీ గోలీలు వాడేవాళ్లకు జాగ్రత్తలు

మార్చి దాటితే నల్లగొండ, పాలమూరు ఎండలకు ఎవరి ఒళ్లైనా వడలిపోతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అణిచిపెట్టే గోలీలు తప్పకుండా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) అడుగంటినా, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనే లోలోపలి రగులు పూర్తిగా ఆరదు. వైరస్ పేగు గోడను ముందే దెబ్బతీసి ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవుల తునకలు రక్తంలోకి జారుతుంటే రక్షణ కణాలకు విశ్రాంతి ఉండదు, ఆ కణాలే రక్తం గడ్డకట్టడాన్నీ రెచ్చగొడతాయి. అందుకే వీళ్లకు గుండెపోటు, పక్షవాతం, కాలి సిరల్లో రక్తపు గడ్డల ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ. దానికి ఎండదెబ్బ తోడై ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తం ఇంకా చిక్కబడుతుంది.

అన్నిటికన్నా ముందు, గోలీ ఆపొద్దు. 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనంలో, సీడీ4 (ఒంటి రక్షణ కణాల లెక్క) బాగున్నవాళ్లకు మందు ఆపి చూశారు. ఆపినవాళ్లలోనే మరణాలు పెరిగాయి. రక్తం గడ్డకట్టే గుణాన్ని చూపే డి-డైమర్ అనే రక్తపరీక్ష లెక్క వాళ్లలో నెల రోజులకే ఎక్కువైంది. 'ఎండాకాలం, వేడి చేస్తుంది' అని గోలీ పక్కన పెట్టేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వేడి చేసేది ఎండ, గోలీ కాదు.

బొంబాయికో పుణెకో పనికి పోయేవాళ్లు బస్సెక్కే ముందే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పండి. ఆరోగ్యం నిలకడగా ఉంటే రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు, అక్కడే ఉండిపోయేట్టయితే ఆ ఊరి సెంటర్‌కు బదిలీ రాసిస్తారు. సెంటర్లో మీ మందుల వివరాలు రాసిచ్చే పచ్చ పుస్తకం వెంట ఉంచుకోండి. మేస్త్రికి కారణం చెప్పాల్సిన పని లేదు. గోలీల డబ్బాను రేకుల షెడ్డులోనో బండి డిక్కీలోనో పెట్టకుండా నీడలో, చల్లగా ఉన్నచోట పెట్టండి. లోపలున్న చిన్న పొట్లం తీసేయొద్దు, తేమ పీల్చేది అదే. బస్సులో రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోవద్దు. ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు వేయండి, సీట్లో ఉన్నా మడమలు ఎత్తి దించుతుండండి. దారిలో దిగడం కష్టమని నీళ్లు తాగకుండా కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. తప్పు వాళ్లది కాదు, బస్టాండ్లది. అయినా తాగాల్సిందే.

నన్నడిగితే, ఈ ప్రాంతంలో పెద్ద ప్రమాదం నొప్పి గోలీ. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు కీళ్లు, నడుము నొప్పులు ఏళ్ల తరబడి తోడుంటాయి. డైక్లోఫెనాక్ పుట్నాల్లా మింగేస్తారు. ఇప్పుడు చాలామంది వాడే టీఎల్‌డీ అనే మూడు మందుల ఏఆర్‌టీ గోలీలో టెనోఫోవిర్ ఉంటుంది, అది కొందరిలో కిడ్నీల మీద భారం వేస్తుంది. చెమటతో ఎండిన ఒంట్లో దాని మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీ దెబ్బతినొచ్చు. పైగా ఆ నొప్పి గోలీ గుండెపోటు ముప్పును కూడా పెంచుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలేమో డాక్టర్‌ని అడగండి. ఆర్ఎంపీ సూది వేస్తానంటే అదేం మందో తెలుసుకోకుండా చెయ్యి చాపొద్దు. ఎండలకు ముందే కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించుకుంటే మంచిది. క్యాల్షియం, ఐరన్ గోలీలుంటే టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే.

బీడీ, గుట్కా సంగతి మీకు తెలిసిందే. మత్తు కలిపిన కల్తీ కల్లు ఇంకో తంటా. తాగి పడుకుంటే గోలీ గుర్తుండదు, గంటల తరబడి కాలు కదలదు.

నలభై దాటినవాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు గురించి తప్పక అడగండి. 2023లో వచ్చిన రిప్రీవ్ అధ్యయనంలో మన దేశంవాళ్లూ ఉన్నారు. రోజూ పిటవాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్న హెచ్ఐవీ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి మూడో వంతుకు పైగా తగ్గాయి. మీకు ఏ స్టాటిన్, ఎంత మోతాదు అన్నది డాక్టరే తేల్చాలి, మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరస ఏఆర్‌టీ మందులతో కొన్ని స్టాటిన్లు పడవు. రక్తం పల్చబడాలని సొంతంగా ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దు. ఏ లక్షణమూ లేకుండా డి-డైమర్ పరీక్షకు డబ్బు తగలేయడమూ దండగే.

మన వైపు కాలు వాస్తే బోదకాలేమో అనుకుని ఊరుకుంటారు. ఒక్క పిక్కే ఒకట్రెండు రోజుల్లో వాచి, వేడిగా ఉండి నొప్పి పెడితే అది రక్తపు గడ్డ కావచ్చు. మర్దన చేయించొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి పోండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌కు మీరు వాడే గోలీల పేర్లన్నీ చెప్పండి, రక్తం పల్చబరిచే కొన్ని మందులకూ వీటికీ పొసగదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, మీకు హెచ్ఐవీ ఉన్న సంగతి మీ ఒప్పుదల లేకుండా బయటపెట్టే హక్కు వాళ్లకు లేదు. అనుమానాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.