మిర్గానికి ముందే డబుల్ బ్యారెల్ విప్పి చూడండి

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో బ్యాంకు గుమ్మంలో నిలబడే గార్డు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీని దగ్గరగా చూడండి. చాలాసార్లు బ్యారెల్ నడుమ ఎర్రటి మచ్చలు వరుసగా కనిపిస్తాయి. అవి నాలుగు వేళ్ల అచ్చు. చెమటలోని ఉప్పు అంటిన చోట జంగు అలాగే మొదలవుతుంది. ఏళ్ల తరబడి పేలని తుపాకీని తుడిచే పనేముందని అందరూ అనుకుంటారు గానీ, చెడిపోయేది ఎక్కువగా అదే. కాల్చిన తుపాకీని కనీసం ఆ రోజైనా తుడుస్తారు కదా.

వానాకాలంలో అసలు చిక్కు తడవడం కాదు, ఏసీ. లోపల చల్లబడిన ఇనుము బయటి ముసురు గాలి తగలగానే చెమర్చుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టినట్టే ఇదీ. బయట పట్టిన తేమ కనిపిస్తుంది కాబట్టి తుడుస్తారు. గొట్టం లోపల, ట్రిగ్గర్ల వెనుక పట్టింది మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే జూన్ నుంచి అక్టోబర్ దాకా డ్యూటీ దిగగానే పొడిగుడ్డతో ఒకసారి, నూనె గుడ్డతో ఒకసారి తుడవాలి. రెండు నిమిషాల పని.

పూర్తిగా విప్పి చూసే పని మాత్రం మిర్గం (మృగశిర కార్తె) రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపే పెట్టుకోండి. ముందు మూతిని మనుషులు లేని వైపు తిప్పి, లివర్ నొక్కి తుపాకీ తెరవండి. రెండు రౌండ్లూ (తూటాలు) తీసి వేరే గదిలో పెట్టండి. ఖాళీ అయిందని కంటితో చూశాక కూడా రౌండ్లు కూర్చునే రెండు చాంబర్లలో వేలు పెట్టి తడమండి. ఆ తర్వాతే బ్యారెళ్ల కింద ఉండే కట్టె ఊడదీసి బ్యారెళ్లు వేరు చేయాలి.

బ్యారెల్‌ను వెలుతురుకు ఎత్తి లోపల చూడండి. 12 బోరు (బోరు అంటే గొట్టం వెడల్పు కొలత) గొట్టం లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి లోపం ఉంటే కంటికే కనిపిస్తుంది. బూజు, దూది పోగు, మట్టిగూడు కట్టే కందిరీగ పని, ఏదైనా దొరకొచ్చు. గోడకు వేలాడదీసిన తుపాకీలో ఆ గూడు ఉండటం వింతేమీ కాదు. అది చూడకుండా కాలిస్తే ఛర్రాలకు (రౌండ్‌లోని చిన్న గుండ్లకు) దారి దొరక్క బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. చీలేది కూడా ఎడమచెయ్యి పట్టుకున్న చోటికి దగ్గర్లోనే కావచ్చు. వాన నీళ్లు పోకుండా మూతికి గుడ్డ కుక్కే అలవాటు కూడా ఇంతే ప్రమాదం, తీయడం మరిచిపోతే అంతే సంగతి. వానలో మూతిని నేలవైపు వంచి పట్టుకుంటే చాలు.

రాడ్‌కు ఇత్తడి తీగల బ్రష్ బిగించి, మడ్డి కరిగించే సాల్వెంట్‌తో తడిపి, చాంబర్ వైపు నుంచి మూతివైపుకు పది సార్లు తోయండి. పది నిమిషాలు ఆగి చిందీ గుడ్డలు మార్చి మార్చి తెల్లగా వచ్చేదాకా తుడవండి. చివరి గుడ్డకు మూడు నాలుగు చుక్కల నూనె చాలు. కాల్చే ముందు మాత్రం పొడి చిందీ ఒకటి తిప్పాలి. చాంబర్‌లో నూనె మిగిలితే తూటా చాంబర్ గోడను సరిగా పట్టుకోలేదు, దెబ్బ ఎక్కువగా వెనక్కి వచ్చి, రౌండ్ వెనుక ఆనే ఇనుప తలుపు మీద పడుతుంది.

నూనె సంగతికొస్తే, వంటింటి సీసాలు అక్కడే ఉండనివ్వండి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఆదిలాబాద్ చలికి ఇక చెప్పేదేముంది. ఆవనూనె, మంచినూనె ఎండి జిగురవుతాయి. గన్ ఆయిల్ దొరక్కపోతే పల్చటి కుట్టుమిషన్ నూనె నయం. డబ్బీలో వచ్చే తుప్పు స్ప్రే నీళ్లను తరిమేస్తుంది గానీ నెలల తరబడి కాపాడదు. బ్యారెల్ మడిచే కీలు దగ్గర బియ్యపు గింజంత గ్రీజు, రౌండ్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కాడకు, లివర్‌కు, సేఫ్టీకి ఒక్కో చుక్క. అంతకు మించి పోస్తే నూనె వెనక్కి కారి బట్టు (భుజానికి ఆనించే భాగం) కట్టెలో ఇంకుతుంది. కట్టె మెత్తబడి, ఇనుము ఆనేచోట పగులుతుంది. నూనె వేసిన మొదటి రెండు రోజులు మూతి కిందికి ఉంచడం అందుకే.

ఇక అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది రౌండ్‌ను గుచ్చి పేల్చే ఫైరింగ్ పిన్నుల దగ్గర. బ్యారెళ్లు తీసి, ఘోడాలు (పిన్నులను కొట్టే సుత్తులు) ఎక్కి ఉన్నప్పుడు, పిన్ను కన్నాల మీద గోరు ఆనించి చూడండి. మొన తగలకూడదు. పాత నూనె, దుమ్ము కలిసి జిగురైతే పిన్ను ముందుకే అంటుకుపోతుంది. అప్పుడు రౌండ్ వేసి తుపాకీ మూయగానే మొన రౌండ్ అడుగున నిప్పు రేపే ప్రైమర్‌కు గుచ్చుకుని, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలొచ్చు. తుపాకీని ఎప్పుడు మూసినా మూతి నేలవైపు ఉండాలనేది ఇందుకే. పిన్ను అంటుకున్నా, మూసిన తుపాకీ కదిలిస్తే లొటలొటలాడినా ఇంట్లో పెంచీలతో ప్రయోగాలు వద్దు. రిపేరుకు కూడా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, అది ఉన్న మిస్త్రీకే ఇవ్వండి. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ ఊరికే నొక్కి టకటకలాడిస్తే పిన్ను విరగొచ్చు, డమ్మీ తూటా వేసి నొక్కండి.

తోలు సంచిలో, ప్లాస్టిక్ కవర్లో నెలల తరబడి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ప్లాస్టిక్ లోపలి తేమను బయటికి పోనివ్వదు. బీరువాలో నూనె గుడ్డ చుట్టి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడిచేసి ఆరబెట్టుకోవచ్చు. రౌండ్లు వేరే తాళంలో ఉండాలి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకీ తిరిగొచ్చాక ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

రౌండ్లకు నూనె తగలనివ్వకండి, అది ప్రైమర్‌లోకి దిగితే రౌండ్ పేలకపోవచ్చు. రౌండ్ అడుగు ఇత్తడి ఆకుపచ్చగా మారినా, కాగితపు గొట్టం ఉబ్బినా పక్కన పెట్టండి. 12 బోరు వాటిలో 20 బోరు రౌండ్ ఒక్కటీ కలవకూడదు. అది సన్నం కాబట్టి చాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, దాని వెనుక ఇంకో రౌండ్ పడితే బ్యారెల్ దక్కదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని మనుషులు లేని వైపే ఉంచి అర నిమిషం ఆగి తెరవండి. తుస్సుమని చిన్న శబ్దం వస్తే రెండోది కాల్చకుండా ఆపి, తెరిచి గొట్టంలోకి చూడండి, వాడ్ (రౌండ్‌లో మందుకు, ఛర్రాలకు నడుమ ఉండే బిళ్ల) లోపలే మిగిలి ఉండొచ్చు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వరదలో తుపాకీ మునిగితే రౌండ్లు తీసేసి, బురద పోయేదాకా మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, నూనె పట్టించి అదే వారంలో మిస్త్రీ దగ్గరికి చేర్చండి. బట్టుకు ముందున్న తాళాల్లో (ఘోడాలను ఆడించే యంత్రంలో) చిక్కిన నీళ్లను ఆయనే తీయాలి. మునిగిన రౌండ్లు ఎండినట్టు కనిపించినా వాడకండి, డీలర్‌నో స్టేషన్‌లోనో అడిగి అప్పగించండి.