ఎండాకాలంలో జిమ్ మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఉగాది దాటిందంటే హనుమకొండ, వరంగల్ జిమ్‌లలో కొత్త ముఖాలు పెరుగుతాయి. పిల్లల పరీక్షలు అయిపోతాయి, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడతాయి, ఎవరో ఒకరు "ఏంది బావా, పొట్ట గట్ల వచ్చింది" అంటారు, మరునాడే పోయి మూడు నెలల ఫీజు కట్టేస్తాం. మంచిదే, బరువు తగ్గాలన్న మనసు ఏ నెలలో పుట్టినా దాన్ని చంపుకోవద్దు. కాకపోతే మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టేవాళ్లు చలికాలంలో మొదలుపెట్టినవాళ్ల లెక్కన చేస్తే ఒళ్లు తట్టుకోదు. పగలు 42, 43 డిగ్రీలకు పోతుంది, రామగుండం వైపు ఇంకా ఎక్కువ, పైగా మన చుట్టూ ఉన్నదంతా రాయి. పద్మాక్షి గుట్ట కింద సాయంత్రం ఏడింటికి నిలబడి బండ మీద చెయ్యి పెట్టి చూడండి, పొద్దంతా తాగిన ఎండను అప్పుడు కక్కుతుంటుంది. జిమ్ స్లాబు, గోడలు కూడా అంతే.

నేను 98 కిలోల నుంచి 81కి రావడానికి 16 నెలలు పట్టింది. అందులో ఒక మే నెల ఉంది, ఇది రాయడానికి కారణం అదే. జమ్మికుంటలో మరదలి పెళ్లి ఉండి పది రోజులు జిమ్‌కు పోలేదు. వచ్చిన రోజే, పోయిన పది రోజులు ఒక్కసారి రాబట్టాలని సాయంత్రం ఆరున్నరకు కాళ్ల వ్యాయామం పెట్టుకున్న. పైన రేకుల కప్పు, రెండు కూలర్లు, కిటికీలు మూసి ఉన్నాయి. నాలుగో సెట్‌లో (సెట్ అంటే ఆగకుండా ఒక విడతగా చేసేది) చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి, అంత ఉక్కలో చలి పుట్టింది. ఎదురుగా ఉన్న ప్లేటు మీద 20 అన్న అంకె రెండుగా కనబడింది. "ఏం గాదన్నా, నీళ్లు తాగి ఇంకొక్క సెట్ గుంజు" అన్నడు ట్రైనర్. పక్కన ట్రెడ్‌మిల్ మీద నర్సుగా పనిచేసే ఒక అక్క ఉంది కాబట్టి సరిపోయింది. ఆమె దిగివచ్చి నన్ను మెట్ల దగ్గర గాలి తగిలే చోట పడుకోబెట్టి, కాళ్ల కింద బెంచీ పెట్టి, తువ్వాల తడిపి మెడ మీద వేసింది. ఉక్కలో రోమాలు లేచి చలి పెట్టడం వడదెబ్బకు ముందు మెట్టు అని ఆ రోజే తెలిసింది. ఇంకొక్క సెట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకున్నా భయమే.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే చెమట తొందరగా పట్టడం నేర్చుకుంటుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం కూడా తగ్గుతుంది. వారానికి మించి మానేస్తే ఆ అలవాటు కరగడం మొదలవుతుంది, నాకు జరిగింది అదే. కాబట్టి మొదటి రెండు వారాలు మీరు చేయగలిగినదాంట్లో సగమే చేయండి. 20 నిమిషాల నడక, ఒక్కో కండరానికి ఒకటో రెండో సెట్లు, తేలిక బరువులు, అంతే. పెళ్లికో తీర్థానికో పోయి వారం పైన ఆగితే వచ్చాక మళ్లీ సగం నుంచే మొదలుపెట్టండి. పోయిన రోజులు రాబట్టుకునేవి కావు, వదిలేయండి.

ఇంకో సంగతి. చెమట కొవ్వు కాదు, నీళ్లు. మా గల్లీలో మిర్చి దుకాణంలో లెక్కలు రాసే తమ్ముడు ఒకడు పొట్టకు ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని, దాని మీద రెయిన్‌కోటు జాకెట్ వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కేవాడు. దిగి తూకం చూసుకుంటే కిలోన్నర తగ్గేది, సంబురపడేవాడు, పొద్దునకల్లా అంతా తిరిగి వచ్చేది. ఆ కవర్ చెమటను ఆరనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, ఆరకపోతే లోపలి వేడి పెరుగుతూనే పోతుంది. చెమట సూట్లు, పొట్టకు కట్టే రబ్బరు బెల్టులు మే నెలలో మెడకు ఉరి లాంటివి. పలుచని, వదులు బట్టలు వేసుకోండి, తడిస్తే మార్చుకోవడానికి ఇంకో బనీను పట్టుకుపోండి.

జిమ్ ఎంచుకునేటప్పుడు మిషన్లు ఎన్ని ఉన్నాయని కాదు, గాలి ఎట్లా ఆడుతుందో చూడండి. మీరు వచ్చే టైముకే పోయి పదిహేను నిమిషాలు ఊరికే కూచోండి. మన దగ్గర చాలా జిమ్‌లు పై అంతస్తులోనో రేకుల కిందో ఉంటాయి, కూలర్ పెట్టి చల్లగుంటదని తలుపులు బిగిస్తారు. కూలర్ తడి గాలి విసురుతుంది, ఆ తడికి బయటికి పోయే దారి లేకపోతే గది అంతా ఆవిరే, చెమట పట్టిన చోటే నిలుస్తుంది. కూలర్ ఉంటే ఎదురు కిటికీ తెరిచి ఉండాలి, ఓనర్‌ను మొహమాటం లేకుండా అడగండి. కూలర్ వైర్లు తడి నేల మీద పడి ఉంటే ఆ వైపు పోవద్దు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయా, ట్రెడ్‌మిల్ ఒక్కసారి ఆగిపోతుందా అన్నది కూడా అడగాలి. ట్రెడ్‌మిల్ ఎక్కగానే దాని ఎర్ర తాడు క్లిప్పు బనీనుకు తగిలించుకోండి, చాలామంది తగిలించుకోరు, పడ్డప్పుడు మిషన్‌ను ఆపేది అదొక్కటే.

పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర వరకే మంచి టైము. సాయంత్రమే కుదిరేవాళ్లు ఎనిమిది దాటాక పోండి. పొద్దున కూడా జిమ్ లోపల ఉక్కగా ఉంటే నడక భాగం బయట పెట్టుకోండి, భద్రకాళి చెరువు కట్ట ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు ఉంది, జిమ్‌లో బరువుల పని ఒక్కటే చేసుకుని రావచ్చు. రోహిణి కార్తె, అంటే మే 25 దగ్గర నుంచి రెండు వారాలు, నేనైతే బరువులు పెంచను. ఉన్నదాన్ని కాపాడుకుంటా.

నీళ్ల విషయంలో రెండు తప్పులు చూస్తుంటా. ఒకటి, వ్యాయామం మధ్యలో నీళ్లు తాగొద్దని పాత మాట నమ్మేవాళ్లు. రెండోది, ఒకేసారి రెండు లీటర్లు ఉత్త నీళ్లు తాగేవాళ్లు, అది కూడా మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలుచబడి వాంతులు, తలనొప్పి వస్తాయి. జిమ్‌కు పోయే గంట ముందు రెండు గ్లాసులు తాగి, లోపల పది పదిహేను నిమిషాలకు రెండు మూడు గుటకలు తాగితే చాలు. పోయే ముందు, వచ్చాక తూకం చూసుకోండి, తగ్గినది నీళ్లే కాబట్టి కిలో తగ్గితే లీటరున్నర దాకా రెండు మూడు గంటల్లో మెల్లగా తిరిగి పోసుకోవాలి. మూత్రం లేత పసుపు ఉంటే సరిపోయినట్టు, ముదురు పసుపు ఉంటే సరిపోనట్టు. ఉప్పేసిన పలుచని సల్ల, అంబలి, నిమ్మకాయ నీళ్లు మన ఇంట్లోవే, వాటిని మించిన డ్రింకులు నాకు కనబడలేదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లకు ఒకటి, గ్లాసులో కలిపి తాగొద్దు. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్‌ను అడగకుండా పెంచొద్దు. కల్లు సలువ చేస్తుందని ముందు రోజు రాత్రి తాగి పొద్దున జిమ్‌కు వచ్చేవాళ్లున్నారు. కల్లైనా, మందైనా ఒంట్లో నీళ్లను బయటికి తోస్తుంది, ఆ పొద్దు జిమ్ మానుకోండి.

మందులు వాడేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వేసుకుని పరగడుపున జిమ్‌కు పోతే షుగర్ పడిపోవచ్చు, చేతులు వణకడం, చల్ల చెమటలు, కళ్లు తిరగడం దాని గుర్తులు. జేబులో గ్లూకోజ్ పొడో బెల్లం ముక్కో పెట్టుకోండి, పక్కవాళ్లకు మీకు షుగర్ ఉందని చెప్పి పెట్టండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసే రకం ఉంటుంది, స్ట్రిప్ మీద పేరు చివర హెచ్ అని ఉంటే చాలాసార్లు అదే, ఎండాకాలంలో దాంతో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి ట్రెడ్‌మిల్ మీద కనబడే అంకె చూసి ఇంకా స్పీడు పెంచొద్దు. మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నదే కొలత. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. నలభై దాటినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవారు, నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటినవాళ్లు చేరకముందే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకుని డాక్టర్‌తో ఒక మాట మాట్లాడాలి. మూడు నెలల ఫీజు కట్టేవాళ్లం, ఆ పరీక్షలకు వెనకాడొద్దు.

బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. బెంచ్ ప్రెస్, అంటే బెంచీ మీద పడుకుని ఛాతీ మీది నుంచి రాడ్ ఎత్తడం, ఒంటరిగా చేయొద్దు. చెమట చేతులకు రాడ్ జారుతుంది, తువ్వాల పక్కనే ఉండాలి.

పొడుల గురించి. వ్యాయామానికి ముందు తాగమని ఇచ్చే పొడుల్లో ఒక్కో చెంచాకు 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండటం మామూలే, అంటే రెండు మూడు పెద్ద కప్పుల కాఫీ ఒక్క గుక్కలో. ఎండలో ఇప్పటికే దడదడమంటున్న గుండెకు ఇంకో కొరడా దెబ్బ అది. కొవ్వు కరిగించే మాత్రలని బిల్లు లేకుండా చేతిలో పెట్టేవి అసలు ముట్టొద్దు, డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ లేకపోతే తిరిగి ఇచ్చేయండి, ఉన్నా బిల్లు అడగండి. ఇంజెక్షన్ మాట ఎత్తిన ట్రైనర్ దగ్గర ఒక్క రోజు కూడా ఉండొద్దు. ఉడకబెట్టిన రెండు గుడ్లలో 12 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, మొలకెత్తిన పెసర్లు, శెనగలు, పెరుగు, చికెన్, ఇవన్నీ మన కిరాణాలో, మన గల్లీలో దొరికేవే.

తిండి తగ్గించే విషయంలో ఒక్కటే చెప్తా, ఎండాకాలంలో ఉపవాసంలా ఉండి జిమ్ చేయొద్దు. వారానికి అరకిలో, మహా అయితే కిలో తగ్గితే అది నిలిచే తగ్గుదల. అన్నం మానేయక్కర్లేదు, రెండోసారి వడ్డించుకునేది ఆపి ఆ జాగాలో కూర, పప్పు పెంచుకుంటే చాలామందికి తేడా కనబడుతుంది. నాకు మొదటి ఐదు కిలోలు రాత్రి పూట రెండోసారి అన్నం మానినందుకే తగ్గాయి.

ఇక ఆపాల్సిన గుర్తులు. కండరాలు మెలిపెట్టడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, ఉక్కలో చలి, వీటిలో ఏది వచ్చినా సెట్ మధ్యలోనైనా రాడ్ దించేయండి. ట్రైనర్ ఏమనుకుంటాడో, పక్కవాడు నవ్వుతాడో అన్న ఆలోచన వద్దు. నీడకు వచ్చి పడుకుని కాళ్లు ఎత్తి పెట్టి, సల్ల గానీ ఓఆర్ఎస్ గానీ మెల్లగా తాగండి.

మనిషి తడబడి మాట్లాడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకున్నా, కూలిపోయినా అది వడదెబ్బే అనుకోండి, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు, వ్యాయామంలో వచ్చే వడదెబ్బకు చెమట ఉండగానే మనిషి పోవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు బండి వచ్చేదాకా చూస్తూ నిలబడొద్దు. బనీను తీసేసి బకెట్లతో నీళ్లు పొయ్యండి, ఫ్యాన్ తిప్పండి, ఐసు దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఆ మొదటి అరగంటలో చల్లబరిచినదే ప్రాణం నిలబెడుతుంది. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యొద్దు, పారాసెటమాల్ దీనికి పనిచేయదు. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో గుంజినట్టు ఉంటే గ్యాస్ అని సోడా తాగి కూచోవద్దు. శ్వాస ఆగి పడిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వాళ్లు వచ్చి చేయి వేసేదాకా.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కొత్తగా చేరి మొదటి రోజే వంద గుంజీలు తీసిన పిల్లలకు రెండో రోజో మూడో రోజో తొడలు వాచి, ముట్టుకోనివ్వనంత నొప్పి వచ్చి, మూత్రం కోలా రంగులో రావచ్చు. కండరం చిట్లి ఆ రసాయనాలు కిడ్నీల మీద పడుతున్నాయని దాని అర్థం. నొప్పి మాత్ర వేసుకుని పడుకోవద్దు, ఆ మాత్రలు కిడ్నీకి ఇంకా చేటు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

మృగశిర చినుకు పడి గాలి చల్లబడ్డాక బరువులు పెంచుకోవచ్చు, అప్పుడు కూడా వారానికి ఒక్క చిన్న ప్లేటు మాత్రమే.