లంకభాష కడదాం – 4: ఒక ధాతువు, దాని పిల్లలు

ఏటి నడిమి లంకల్లో బతికే మన ఊహాలోకపు జనానికి ఒక కొత్త భాష కడుతున్నాం కదా, పోయిన పాఠంలో వాళ్ల నోటికి శబ్దాలు ఏరిపెట్టాం. ఇవాళ మాటలు పుట్టిద్దాం. మొదట్లో నేను వరదకొకటి, పడవకొకటి, గట్టుకొకటి అంటూ మూడొందల మాటలు విడివిడిగా అల్లాను. ఒకదానికొకటి చుట్టరికం లేదు. సంతలో జనంలా ఉన్నాయే తప్ప ఊరిలా లేవు. మొత్తం కొట్టేశాను.

మన మాటలు చూడండి. చేలో కోయు–కోత, గట్టు మీద మేయు–మేత, మగ్గం దగ్గర నేయు–నేత. పండు–పంట, వండు–వంట, మండు–మంట. ఎవరూ చెప్పకుండానే ఈ సూత్రాలు మనకి నోటికొచ్చేశాయి.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫ్ జాతికి భాషలు ఇలాగే కట్టాడు. ‘తిర్’ అనే ధాతువుకి, అంటే మాటలు పుట్టే మూలానికి, కనిపెట్టి చూడడం అని అర్థం. దూరాన్ని చూపే రాయి పలన్‌తీర్, కావలి కోట మినస్ తిరిత్. అంతకన్నా గడుసు పని ఇంకోటి చేశాడు: ‘గలదా’ అనే పాతమాట క్వెన్యా అనే ఎల్ఫ్ భాషలో మొదటి గకారం పోగొట్టుకుని ‘అల్దా’ అయింది, దాని చుట్టం సిందారిన్ భాషలో ‘గలధ్’గా నిలిచింది. రెండూ చెట్టే. మన చెరువు కన్నడంలో కెరె, చెవి కివి అయినట్టే.

ఇక మన పని. ధాతువు ‘లొమ్’: నీరు ఎక్కడం. చివర ‘ఇ’ చేరిస్తే జరిగిన సంగతి: లొమి, వరద. ‘అర’ చేరిస్తే చోటు: లొమర, పల్లం. తొలి అచ్చు సాగదీస్తే చేయించడం: లోమ్, నీరు పెట్టడం, లోమర, తూము. సముద్రం వైపు ఊళ్లలో మాట మొదటి ‘ల’ని ‘ర’ చేయండి: రొమి, రొమర, రోమర. ఒక్క ధాతువు, రెండు యాసలు, బోలెడు మాటలు.

ఇంతటితో ఆపితే లెక్కల పుస్తకంలా ఉంటుంది. ధాతువుకి పుట్టిన ఒక పిల్లమాటని దారి తప్పించండి. మన గోదావరి లంకల్లో పెద్దవాళ్లు ‘86 వరదకి ముందు పుట్టాడు’ అంటూ వయసు లెక్కేస్తారు కదా, ‘లొమి’కి ఏడాది అనే అర్థం కూడా ఇచ్చేద్దాం. సంస్కృతంలో వర్షమంటే వానా, సంవత్సరమూ కూడా. అప్పుడు ‘ఏడు లొముల పిల్ల’ అంటే వరదలో కొట్టుకుపోయినది కాదు, బడికెళ్లే పిల్ల.

అభ్యాసం: ‘లెద్’ అంటే గెడతో తోయడం. పై సూత్రాలతో నాలుగు మాటలు, వాటి సముద్రపు యాస రాయండి. వాటిలో ఒకదాని అర్థం చెడగొట్టండి, కారణం ఆ ఊరి బతుకులోనే దొరకాలి.