గురక మీదేనని తేలాక ఏం చెయ్యాలి

గురక పెట్టేవాళ్లకి ఆ సంగతి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు చెప్తే నమ్మరు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఎదురు బెర్తు ఆయన చెప్తే నమ్ముతారు. నమ్మిన వెంటనే చాలామంది ముక్కుకి తగిలించుకునే సిలికాన్ క్లిప్పు ఆర్డరు పెడతారు. ఆ డబ్బు అట్టేపెట్టుకోండి. గురక ఎక్కడ పుడుతోందో తెలియకుండా ఏది కొన్నా దండగే.

ముందు రికార్డు చెయ్యండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, చార్జింగ్‌కి తగిలించి, తలకి మీటరు దూరంలో స్టూలు మీద ఉంచండి. ఫ్యాను గాలి నేరుగా తగిలితే హోరు తప్ప ఇంకేమీ వినపడదు. ఒక రాత్రి వెల్లకిలా, మర్నాడు పక్కకి తిరిగి పడుకోండి. మొదటి గంట విని ఊరుకోకండి. తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ, అప్పుడు గొంతు కండరాలు బాగా వదులవుతాయి.

వినాల్సింది చప్పుడుని కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. గురక 10 సెకన్లో ఇంకా ఎక్కువో ఆగి, తర్వాత ఉక్కిరిబిక్కిరిగా ఊపిరి అందుకుంటుంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కావచ్చు. దానికి తోడు పగలు కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి, బీపీ, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత ఉంటే చిట్కాలతో కాలయాపన వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిశ్శబ్దాలు లేకపోతే ముక్కు చూసుకోండి. ముక్కు పక్కన చెంపని వేలితో కొంచెం బయటికి లాగి గాలి పీల్చండి. తేలిగ్గా అందితే ముక్కు ద్వారం ఇరుకన్నమాట. మందుల షాపులో దొరికే నేజల్ స్ట్రిప్ (ముక్కు మీద అతికించే పట్టీ) పనికొచ్చేది ఇలాంటివాళ్లకే. తేడా లేకుండా ఎప్పుడూ దిబ్బడగానే ఉంటే ఎలర్జీయో, ముక్కు లోపలి దూలం వంకరో. విశాఖ తేమకి ఏసీ ఫిల్టర్లో, గోడల మూలల్లో బూజు ఊరికే పడుతుంది. హార్బరు వైపు ఇళ్లలో నల్లటి ధూళి అదనం. ఫిల్టరు రెండు వారాలకోసారి, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లతో కడగండి. పడుకునే ముందు ముక్కు కడుక్కోవడానికి 240 మి.లీ. మరిగించి చల్లార్చిన నీళ్లలో అర టీస్పూను అయొడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. కుళాయి నీళ్లు మరిగించకుండా వాడకండి. దిబ్బడ తీసే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు దాటితే దిబ్బడ ఇంకా ముదురుతుంది.

వెల్లకిలా పడుకున్నప్పుడే గురకైతే మీ పని సులువు. పాత టీషర్టు వీపు మీద జేబు కుట్టి, అందులో టెన్నిస్ బంతి వెయ్యండి. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుని మళ్లీ పక్కకి ఒత్తిగిలుతారు. తల ఎత్తుగా ఉండాలని రెండు దిళ్లు పెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు ఇంకా నొక్కుకుపోతుంది. దాని బదులు మంచం తలవైపు కోళ్ల కింద 4 అంగుళాల దిమ్మలు పెట్టండి.

మద్యం పుచ్చుకుంటే పడకకి కనీసం మూడు నాలుగు గంటల ముందే ఆపెయ్యాలి. నిద్రమాత్రలు, మత్తునిచ్చే జలుబు మాత్రలూ గొంతుని అలాగే వదులు చేస్తాయి. స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లకి ఆ నిద్రలో గురక పెరగడం మామూలే, అది చూసి కంగారు పడక్కర్లేదు. బరువు తగ్గితే చాలామందిలో గురకా తగ్గుతుంది. కాకపోతే నెలలు పడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే విశాఖలో పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రితో మొదలుపెట్టొచ్చు. రికార్డింగూ, వాడుతున్న మందుల చీటీలూ తీసుకెళ్లండి. నిద్ర పరీక్షలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో లెక్కేస్తారు. 5 లోపు మామూలే, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తక్కువ తీవ్రతకి, ఉత్త గురకకి డెంటిస్టు కొలత తీసి చేసే, కింది దవడని ముందుకి లాగే పరికరం సరిపోవచ్చు. మొదట్లో దవడ నొప్పి ఉంటుంది. ఎక్కువైతే సీప్యాప్ మెషీన్, అంటే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది. గుబురు గడ్డం, మీసం ఉంటే మాస్కు సరిగ్గా అతక్క గాలి కారిపోతుంది, దాంతో మెషీన్ మూలకి చేరుతుంది. అందుకని ముందు అద్దెకి తెచ్చి, రెండు మూడు సైజుల మాస్కులు పెట్టి చూసుకుని, అప్పుడు కొనండి.