కాలేయం, ప్లీహం పెరిగాయన్నారా? ఇంట్లో చూసుకునే ముందు ఇవి గమనించండి

పొట్టకు దెబ్బ తగలనివ్వొద్దు. ప్లీహం (స్ప్లీన్) ఎడమ పక్కటెముకల చాటున ఉండే అవయవం. పెరిగితే ఆ చాటు దాటి కిందికి దిగుతుంది, చిన్న దెబ్బకే చిట్లి లోపల రక్తం పోవచ్చు. డాక్టర్ సరేననే దాకా ఆటలు, బరువులెత్తడం ఆపాలి. ఎంత పెరిగిందోనని ఇంట్లో వాళ్లు నొక్కి చూడటమూ మానాలి.

ఎడమ పక్కన హఠాత్తుగా నొప్పి, ఎడమ భుజం లాగడం, కళ్లు తిరగడం, నల్లటి విరేచనం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు సొంతంగా వేసుకోవద్దు. పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లను (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పట్టి ఉంచేస్తుంది, దానికి ఈ మందులూ తోడైతే రక్తం త్వరగా ఆగకపోవచ్చు. పారాసిటమాల్ మోతాదు కూడా అడిగే వేసుకోండి.

మద్యం చుక్క కూడా వద్దు. ఆకు పసర్లూ అంతే, కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

కొంచెం కొంచెంగా తినండి. ప్లీహం కడుపును నొక్కడంతో త్వరగా నిండినట్టుంటుంది.