లేనివి కళ్లకు కనిపిస్తుంటే: ఏం గమనించాలి, ఏం చెయ్యాలి

గదిలో ఎవరూ లేకపోయినా మనిషి కనిపించాడని ఎవరైనా చెబితే, ఇంట్లోవాళ్ల అనుమానం ముందు మానసిక వ్యాధి మీదికే పోతుంది. ఈ తొందర రెండు విధాలా చేటు చేస్తుంది. ఏ మానసిక జబ్బూ లేనివాళ్లు మరోసారి నోరు విప్పరు. ఒంట్లో ఇన్ఫెక్షన్ వల్లో మందు పడకో భ్రాంతులు వస్తున్నవాళ్లకు అసలు వైద్యం ఆలస్యమవుతుంది. కారణం తెలియాలంటే ఏం కనిపించిందని ఆరా తీయడం కంటే ఎప్పుడు, ఎంతసేపు, ఏ స్థితిలో కనిపించిందో అడగడం మేలు.

ముందు భ్రాంతి కానివాటిని పక్కన పెట్టండి. మసక వెలుతురులో తలుపుకు వేలాడే చొక్కా మనిషిలా అనిపిస్తే అది భ్రమ, అంటే ఉన్నదాన్నే వేరేగా చూడటం; లైటు వేస్తే పోతుంది. మెరుపులు, నల్లచుక్కలు ఒక్కసారిగా పెరిగి, పక్క నుంచి తెర దిగుతున్నట్టుంటే రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడుతూ ఉండవచ్చు. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

నిజంగా భ్రాంతే అనిపిస్తే వెంటనే కాగితం మీద పెట్టండి: టైము, ఎన్ని సెకన్లు లేదా నిమిషాలు, గదిలో వెలుతురు ఎంత, కళ్లు మూసినా కనిపించిందా, మాటలు కూడా వినిపించాయా, అది నిజం కాదని అప్పుడే తెలిసిందా, ముందు రాత్రి ఎన్ని గంటల నిద్ర, ఈమధ్య కొత్తగా మొదలుపెట్టిన లేదా డోసు మార్చిన మందులేమిటి. నాలుగైదు సార్లు ఇలా రాసిన కాగితం డాక్టరుకు చాలా పనికొస్తుంది.

సరిగ్గా నిద్ర పట్టేటప్పుడో మెలకువ వచ్చేటప్పుడో ఆకారాలు కనిపించడం ఆరోగ్యవంతుల్లో మామూలే. ఒళ్లు కదలక, గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటే అది నిద్ర పక్షవాతం. కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. నిద్ర తక్కువైనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. పక్కకు తిరిగి పడుకోవడం, రోజూ ఒకే టైముకు నిద్రపోవడం చాలామందికి సరిపోతుంది. పగలు కూడా ఆపుకోలేని నిద్ర వస్తుంటే మాత్రం నార్కోలెప్సీ ఉందేమో చూపించుకోవాలి.

పోయిన భర్తో భార్యో ఇంట్లో కనిపించడమూ జబ్బు కాదు. 1971లో డేవి రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లను అడిగితే దాదాపు సగం మంది ఏదో ఒక రూపంలో ఆ ఉనికిని అనుభవించామన్నారు. వాళ్లను మందుల వైపు నెట్టకండి, చెప్పేది వినండి.

చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లలో వచ్చే భ్రాంతుల పేరు చార్లెస్ బోనే సిండ్రోమ్. శుక్లాలతో చూపు పోయిన తన తాతకు మనుషులు, పక్షులు, భవనాలు కనిపించడం గురించి బోనే 1760లో రాశాడు. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడులోని దృశ్యభాగం తనంతట తానే బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మలు మాట్లాడవు. కళ్లు మూస్తే సాధారణంగా పోతాయి. అవి నిజం కావని మనిషికి తెలుసు. బొమ్మ వచ్చినప్పుడు తల కదపకుండా చూపును ఎడమకూ కుడికీ, సెకనుకు ఒకసారి చొప్పున 15 నుంచి 30 సెకన్లు తిప్పాలి. తగ్గకపోతే లైటు మార్చాలి, లేదా లేచి దాన్ని ముట్టుకోబోవాలి. చూపు తగ్గడానికి శుక్లాలే కారణమైతే ఆపరేషన్‌తో కొంతమందికి ఇవి తగ్గిపోవచ్చు.

వంకర టింకర మెరుపు గీతలు నెమ్మదిగా పెరుగుతూ 5 నుంచి 60 నిమిషాలు ఉంటే మైగ్రేన్. రంగురంగుల గుండ్రని చుక్కలు సెకన్లలోనో రెండు మూడు నిమిషాల్లోనో వచ్చి పోతూ, ప్రతిసారీ ఒకే తీరున ఉంటే మూర్ఛ జబ్బు (ఫిట్స్) కావచ్చు; న్యూరాలజిస్టు చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది డెలిరియం (ఒంట్లో జబ్బు వల్ల హఠాత్తుగా మతి తప్పడం) దగ్గర. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఈ రాత్రి మంచం మీద పురుగులు దులుపుకుంటుంటే, పొద్దున కాస్త తేరుకుని సాయంత్రానికి మళ్లీ మొదలైతే, అది మనసుది కాదు, ఒంటిది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి. ఎప్పుడూ చెప్పగలిగిన మనిషి మధ్యలోనే దారి తప్పుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, న్యుమోనియా, కొత్త మందు: వీటిలో ఏదైనా కారణం కావచ్చు. రోజూ ఎక్కువగా మద్యం తాగే మనిషి తాగుడు మానేశాక రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, చెమటలతో భ్రాంతులు వస్తే ప్రాణాపాయం. ఇంట్లో పెట్టుకుని చూడకూడదు.

మందుల్లో ట్రైహెక్సీఫెనిడిల్, డైఫెన్‌హైడ్రమిన్, ఆక్సీబ్యుటినిన్, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) మాత్రలు, రోజుకు 40 మి.గ్రా. దాటిన ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మీద ముందు అనుమానపడండి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. స్టెరాయిడ్లు, పార్కిన్సన్స్ మందులు హఠాత్తుగా మానేయడం వేరే ప్రమాదం తెస్తుంది.

స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో మాటలు వినిపించడమే ఎక్కువ. దృశ్యాలు వచ్చినా చాలావరకు వాటితో పాటే వస్తాయి. కనిపించేది తనకేదో సందేశమిస్తోందని, తనకు హాని తలపెట్టిందని గట్టిగా నమ్మడం, నలుగురికీ దూరమవడం, నిద్ర, చదువు, పని దెబ్బతినడం వారాల తరబడి సాగితే సైకియాట్రిస్టును కలవాలి. మాటలేమీ లేకుండా దృశ్యాలే వస్తుంటే కళ్లు, మెదడు, మందులు ముందు చూడమని అడగండి. పెద్దవయసులో మతిమరుపుతో పాటు చిన్నపిల్లలు గానీ జంతువులు గానీ స్పష్టంగా, పదేపదే కనిపిస్తే లూయీ బాడీ డిమెన్షియా అనే మెదడు జబ్బు కావచ్చు. అలాంటివాళ్లకు భ్రాంతులు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు తీవ్రంగా వికటిస్తాయి, కాబట్టి ఆ అనుమానం ఉన్నట్టు ఎమర్జెన్సీ డాక్టరుకు ముందే చెప్పండి.

మాట్లాడేటప్పుడు వాదించవద్దు, ఔననీ అనవద్దు. "నాకైతే కనిపించడం లేదు, కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది, నేనిక్కడే ఉంటాను" అంటే చాలు. లైటు వెయ్యండి, అద్దం కలవరపెడుతుంటే గుడ్డ కప్పండి, కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టండి. తనను గానీ ఇతరులను గానీ కొట్టమనో చంపమనో ఆజ్ఞలు వినిపిస్తున్నాయని చెబితే, లేదా జ్వరం, మెడ పట్టేయడం, తలకు దెబ్బ, ఒక పక్క చచ్చుబడటం తోడైతే ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.